సామేలు వంతు

నిన్న సాయంత్రం ఆ కాగితం మీద తేదీ చూసినప్పటి నుంచి వసంతకు ముద్ద గొంతు దిగలేదు. తెల్లవారితే ఆదివారం, బడి లేదు. బడి ఉంటే బాగుండేదని ఆమె అనుకోవడం పన్నెండేళ్ల ఉద్యోగంలో అదే మొదటిసారి.

రాజవ్వ ఎప్పటిలాగే ఎనిమిదింటికల్లా వచ్చి అరుగు మీద కూర్చుంది. మల్లాపూర్ నుంచి మొదటి ఆటో పట్టుకుని కోరుట్ల రావడం, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చోవడం, మధ్యాహ్నం దాటాక లేచి పోవడం. పదిహేను రోజులుగా ఇదే వరుస. ఒకరోజు విఠల్‌ను చూసిపోదామని వచ్చానంటుంది. ఒకరోజు దరఖాస్తు ఎలా రాయాలో అడగడానికంటుంది. ఒకరోజు ఏమీ అనదు. కొడుకు సామేలు గల్ఫ్‌లో జైలు పాలై రెండు నెలలు దాటింది. అలాంటి తల్లిని ఎందుకొచ్చావని ఎవరడుగుతారు?

నిన్న మాత్రం నిజంగా పని మీదే వచ్చింది. కంపెనీ వాళ్లు రాసిన ఇంగ్లీషు కాగితాన్ని ఎవరో సంఘం వాళ్లు ఫోన్లో పంపితే, ప్రింటు తీయించి తెచ్చి వసంత చేతిలో పెట్టింది.

"సోమారం జగిత్యాల కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటదట. దరఖాస్తుకు గిది జోడియ్యాలట. జెర తెలుగుల రాసియ్యి బిడ్డా. ఇంగ్లీషు పంతులమ్మవు నువ్వుండంగ నేనెవల దగ్గరికి పోదు?"

మూడు పేరాల కాగితం అది. క్యాంపు గదుల్లో కరెంటు పొయ్యి వాడకూడదని నియమం. సెప్టెంబర్ ఇరవై ఒకటి, ఆదివారం, అక్కడి టైము పన్నెండు గంటల నలభై నిమిషాలకు ఫలానా గదిలో పొయ్యి మీది నూనె అంటుకుంది. పక్క గదిలో రాత్రి డ్యూటీ చేసి పడుకున్న నేపాలీ కూలీకి రెండు చేతులూ కాలాయి. గోడ మీద అంటించిన వంట వంతుల పట్టీలో ఆ రోజు ఎదురుగా సామేలు పేరుంది. ఇంతవరకూ వసంత రాసేసింది. మూడో పేరాలో ఒక్క వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఆ గదిలో ఉన్న అయిదుగురిలో విఠల్ ఒకడు. వసంత మొగుడు. మంట జరిగిన మూడో రోజే సెలవు మీద ఇంటికొచ్చాడు.

"చాయ్ పొయ్యి గామెకు," అంది అత్త గౌరవ్వ వంటింట్లోంచి. "గా కాగితం గిలాసల పొయ్యి. స్టీలుది ఇయ్యకు."

విఠల్, సామేలు ఆ గదిలో నాలుగేళ్లు ఒకే గిన్నెలో కలుపుకుని తిన్నారు. ఆ సంగతి గౌరవ్వకూ తెలుసు. కానీ గల్ఫ్‌లో తిన్నది గల్ఫ్‌లోనే అరిగిపోవాలని ఆమె నియమం. గౌడ్ల ఇంటి అరుగు దాకా రానివ్వడమే మాదిగ రాజవ్వకు తాము చేసిన పెద్ద ఉపకారమని ఆమె లెక్క.

వసంత స్టీలు గ్లాసులోనే పోసి తీసుకెళ్లింది.

"అయిపాయెనా బిడ్డా రాసుడు?" రాజవ్వ తునికాకు మడుస్తూనే అడిగింది.

"ఒక్క ముక్క మిగిలిందవ్వా."

"గా ముక్క ఏంది?"

వసంత కాగితం వైపు చూసింది. చూడాల్సిన పని లేదు, రాత్రంతా అదే కళ్ల ముందు ఆడింది. "ఎన్నిసార్లు అడిగినా ఆ రూంలున్నోళ్లు ఎవ్వరు గూడ ఓన్ అప్ చెయ్యలేదని రాసిండ్రు."

"గంటే?"

అదే ప్రశ్న మొన్న శుక్రవారం పదో తరగతి పిల్లలు అడిగారు. బోర్డు మీద పది క్రియలు వరసగా రాసి, ఒక్కోదానికి అర్థం చెప్పి, వాక్యాలు తయారు చేయమంది. అందులో ఓన్ అప్ ఒకటి. చేసిన తప్పును తానే ముందుకొచ్చి ఒప్పుకోవడం అని చెప్పింది. వెనక బెంచీ పిల్ల లేచి, "మేడమ్, మా తమ్ముడు అద్దం పలగ్గొడితే నేను ఓన్ అప్ చేసిన అని రాయొచ్చా?" అంది. రాయొద్దు, ఎవరి తప్పు వాళ్లే చెప్పాలి, ఒకరి కోసం ఇంకొకరు చేసేది కాదు అది, అని వసంత నవ్వుతూ చెప్పింది. "దొరికిపోయినంక ఒప్పుకుంటె మేడమ్?" అని ఇంకో పిల్ల. దొరికిపోయాక ఎవడైనా ఒప్పుకుంటాడు, దానికి వేరే మాటలున్నాయి. ఇంకొకరి మీద పడుతుంటే చూడలేక, ఎవరూ పట్టుకోకముందే చెప్తే అప్పుడు ఈ మాట వాడండి, అంది. పిల్లలు బుద్ధిగా నోట్సులో రాసుకున్నారు. చెప్పడానికి ఎంత సులువుగా ఉందో ఆ రోజు!

"చేసినోడు తనంత తానే ముందటికచ్చి, 'నేనే చేసిన' అని చెప్పుడు అవ్వా. ఇంకొకల మీద పడకముందుకే చెప్పుడు."

రాజవ్వ చేతిలో బీడీ సగంలో ఆగింది. "గంత పెద్ద పనికి ఇంగ్లీషుల గింత చిన్న మాటనా?"

వసంత కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

"మరి గప్పుడు చెప్పనోడు గిప్పుడు చెప్తె చెల్లదా బిడ్డా?"

"చెల్లుతది. సామేలు కేసు ఇంక నడుస్తనే ఉన్నది కదా."

"చెల్లుతది," అని రాజవ్వ తనకు తాను చెప్పుకున్నట్టు అని, మళ్లీ ఆకు అందుకుంది.

ఇంటి పక్కన స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

* * *

విఠల్ తల తుడుచుకుంటూ లోపలికి రాగానే వసంత గది తలుపు దగ్గరగా వేసింది.

"పెత్రమాస నాడు వంట ఎవలు చేసిండ్రు?"

"ఏం పెత్రమాస?"

"సెప్టెంబర్ ఇరవై ఒకటి. మనకిక్కడ ఎంగిలిపూల బతుకమ్మ. నీకక్కడ పెత్రమాస. పెద్దలకు బువ్వ పెట్టే అమాస. మామ పోయినంక మొదటిది."

"గోడ మీద రాసున్నది కదనే. ఆదివారం సామేలు వంతు. కంపెనోళ్లే రాసిరి కదా, కాగితం నీ దగ్గర్నే ఉండె."

"గోడ మీద రాసింది నేనడుగుతలేను."

విఠల్ తువ్వాలు దండెం మీద వేశాడు. తీసి మళ్లీ సరిగ్గా వేశాడు. తరువాత మెల్లగా అడిగాడు. "గా వీడియో నీ ఫోన్ల ఇంక ఉన్నదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే అయింది. వీడియో మాట ఆమె ఎత్తనే లేదు.

ఉంది. ఆ రోజు ఇక్కడి టైము రెండింటికి వచ్చింది. బియ్యం సంచికి ఆనించిన మామ బుచ్చన్న ఫొటో, స్టీలు మూతలో వెలిగించిన దీపం, ఎదురుగా బాసింపట్టు వేసుకుని ప్లాస్టిక్ పళ్లెంలో అన్నం తింటున్న సామేలు. బాపనాయన లేడు, కులపోళ్లు లేరు, తండ్రి పేరు మీద ఎవరో ఒకరు తినాలి కదా అని విఠల్ సామేలును కూర్చోబెట్టాడు. "నాయినా, నీ పేరు మీద సామేలు తింటున్నడు, నీకు ముట్టినట్టే," అని విఠల్ గొంతు. "పెద్దనాయినా, గారెలు ఇంక కాలలేవు గని పప్పు మాత్రం మంచిగున్నది," అని నోటినిండా అన్నంతో సామేలు నవ్వు. మూలకు కరెంటు పొయ్యి. దాని మీద నూనె మూకుడు.

ఆ వీడియో చూసి గౌరవ్వ కళ్లొత్తుకుంది. వసంత స్టేటస్ పెట్టుకుంది. అంత దూరంలో ఉండి కూడా తండ్రికి బువ్వ పెట్టిన మొగుడు తనవాడని ఆమెకు ఆ రోజు గర్వంగా ఉండింది.

"చెప్పు," అంది.

విఠల్ మంచం అంచున కూర్చున్నాడు. "మా నాయిన బువ్వ ఇంకొకలు ఎట్ల వండుతరే? వంతు నాకియ్యమని నేనే అడిగిన. 'నాకేం పెత్రమాస లేదు, తీస్కో అన్నా' అన్నడు. గారెలకు నూనె పెట్టిన. వాడు తిన్నడు, పళ్లెం కడుగను నల్ల కాడికి పోయిండు. నేను కాకికి ముద్ద పెట్టను పోయిన."

"కాకికి?"

"గా క్యాంపుల కాకులు ఏడున్నయే? వెనుక గోడ మీద ముద్ద పెట్టి నిలవడ్డ. పావురాలచ్చినయి. కాకి రాలె. కాకి ముట్టకుంటె నాయిన తిననట్టే కదా. ఇంకో అయిదు నిమిషాలు చూస్త అనుకున్న. మల్లో అయిదు నిమిషాలు. పొయ్యి సంగతే యాదికి లేదు."

వసంత గోడకు ఆనుకుంది. ఒక్క క్షణం ఆమెకు జాలి వేసింది. ఎండలో గోడ దగ్గర నిలబడి కాకి కోసం ఆకాశం చూస్తున్న మనిషి కనిపించాడు. అది తప్పేనా? పొరపాటు. ఎవరికైనా జరిగే పొరపాటు. అసలు తప్పు ఆ తరువాత ఉంది.

"తర్వాత?"

"అయిదుగుర్ని లైన్ల నిలవెట్టిండ్రు. సూపర్వైజర్ మూడుసార్లు అడిగిండు, పొయ్యి ఎవలు ముట్టిచ్చిండ్రని."

"నువ్వు?"

"నాలుక పెకలలే."

"సామేలు?"

"నా దిక్కు చూసిండు. ఒక్కసారే చూసిండు. మల్ల కిందికి చూసిండు. జీతంల కోస్తరేమో అనుకున్న వసంతా. పోలీసులు వస్తరని నాకెర్కనా? ఎల్లుండి నాకు ఫ్లైటు. బిడ్డ సింధూజను చూడక మూడేండ్లాయె."

"బిడ్డను చూసినవు కదా. రెండు నెలలాయె చూడవట్టి. రేపు జగిత్యాలకు రా. గదే మాట కలెక్టర్ సారు ముందట చెప్పు. వాళ్లు అక్కడికి రాస్తరు."

"చెప్తె మల్ల నేనా దేశంల అడుగువెట్టుడు ఉంటదా? హాస్టల్ల నా బిడ్డను రేపు అందరు ఏమంటరు? నాకు చెప్పుడు రాదు అనుకుంటున్నవా? నీకు చెప్పిన కదా గిప్పుడు!"

"నాకు నువ్వు చెప్పలే. నాకు దొరికినవు."

తలుపు తోసుకుని గౌరవ్వ లోపలికొచ్చింది. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో తెలియదు.

"ఎవలకు ఏం చెప్పుడు లేదు," అంది. "కడుపు చించుకుంటె కాళ్ల మీదనే పడ్తది. చెట్టు మీదికెల్లి పడి మొగడు పాయె. ఉన్నది ఒక్క కొడుకు. వీన్ని గూడ నా చేతులతోని జైలుకు అప్పజెప్పుదునా? వాని పేరున్నది గోడ మీద. ఉండనీ."

"మామ పేరు మీద బువ్వ తిన్నోడు అత్తా. నువ్వు చూసి ఏడువలేదా?"

గౌరవ్వ నోరు ఒక్కసారి మూతపడింది. అంతలోనే తెరుచుకుంది. "తింటె ఏమాయె? మన బువ్వనే కదా తిన్నది."

ఆ మాటకు విఠల్ కూడా తల్లి వైపు చూడలేకపోయాడు. చూడలేకపోయాడే కానీ కాదనలేదు. తేలు కుట్టిన దొంగలా కిటికీలోని వసంత ఫోన్ అందుకుని, ఆమె చూస్తుండగానే వేలు నాలుగుసార్లు కదిపాడు. ఆమె లాక్కోవచ్చు. చేతులు లేవలేదు.

"తీసేసిన," అన్నాడు. "ఇగ గా ముచ్చట వద్దు."

బుచ్చన్న ఫొటో, స్టీలు మూతలో దీపం, నోటినిండా అన్నంతో సామేలు నవ్వు, అన్నీ పోయాయి. పదిహేడేళ్ల కాపురంలో ఈ మనిషి మీద ఆమెకు కోపం వచ్చింది, అలక వచ్చింది, విసుగు వచ్చింది. అసహ్యం రావడం ఇదే మొదలు. దానికి ఆమే భయపడింది.

* * *

వసంత అరుగు మీదికి వచ్చేసరికి రాజవ్వ కట్టలు కడుతోంది. చాయ్ గ్లాసు కడిగి, గోడ పక్కన బోర్లించి ఉంది.

"అవ్వా, నీకొక మాట చెప్పాలె..."

"చెప్పకు."

వసంత నిలబడిపోయింది.

"లోపటి లొల్లి నాకు ఇనవడ్డది బిడ్డా. ఇనవడకున్నా నాకెర్కనే. పదిహేను దినాలాయె ఎరికై." రాజవ్వ దారం పళ్లతో తెంపింది. "జైలు కెల్లి ఫోన్ చేసిండు నా కొడుకు. రెండే నిమిషాలు ఇచ్చిండ్రట. 'అవ్వా, విఠలన్న ఇంటికి మంచిగ చేరిండా?' అన్నడు. నేను తిట్టిన. నీ బతుకేంది, నువ్వు అడిగేదేంది అని తిట్టిన. గప్పుడు చెప్పిండు. 'వాళ్ల నాయిన పేరు మీద నాకు బువ్వ పెట్టిండవ్వా. బిడ్డను చూస్కోని చెప్తడు. తనే చెప్తడు. నువ్వు మాత్రం అడుగకు' అన్నడు."

"అందుకేనా... రోజు..."

"ఎదురుంగ కూసుంటె చెప్తడేమో అనుకున్న. నా బిడ్డ పెండ్లి ముచ్చట అడిగిండు, వాన ముచ్చట అడిగిండు. రెండుసార్లు దగ్గరికచ్చి కూసున్నడు గూడ. నోటిదాక అచ్చిందని నాకెరికైంది. మల్ల లేచి పోయిండు."

ఇన్నాళ్లూ ఆమె సాయం కోసం వస్తోందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. పాపం అని ఒకరు, పీడ అని ఒకరు. విఠల్ నోటి నుంచి ఒక్క మాట పడుతుందేమోనని, అది పడడానికి చోటు చూపిస్తూ ఆమె ఆ అరుగు మీద కూర్చుందని ఎవరికి తోస్తుంది? వసంతకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"నేను చెప్తనవ్వా. రేపు సారు ముందట నేనే చెప్త. వీడియో పాయె గని నా నోరు పోలేదు కదా."

"నువ్వు చెప్తె పెండ్లాం మొగని మీద చాడీ చెప్పిందంటరు. నేను చెప్తె కొడుకు కోసం పగవట్టిందంటరు." రాజవ్వ చాట పక్కకు పెట్టింది. "గా ఇంగ్లీషు మాట మనమిద్దరం అనేది కాదు బిడ్డా. ఆయన ఒక్కడు అనేది. నువ్వే చెప్తివి కదా."

"అనకుంటె?"

"నా కొడుకు మాట తప్పిపోతది. జైలుకన్న నాకు గదే రంది. గంత నమ్మి ఉన్నడు వాడు."

తలుపు కిర్రుమంది. విఠల్ బయటికొచ్చాడు. తల దువ్వుకున్నాడు, ఉతికిన అంగీ వేసుకున్నాడు. రాజవ్వ చాట పట్టుకుని లేచి నిలబడింది. వసంత అతని పెదవుల వైపే చూసింది. ఇప్పుడైనా, ఈ ఒక్కసారైనా...

"రాజవ్వా," అన్నాడు విఠల్. "బేస్తారం పోతున్న కదా. పోంగనే కంపెనోళ్లను పట్టుకుంట. సామేలు ముచ్చట నేను చూసుకుంట. నువ్వు రంది పెట్టుకోకు."

రాజవ్వ అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"మంచిది కొడుకా," అంది. "రేపు జగిత్యాలకు వస్తవా మాతోని?"

"రేపు సిరిసిల్ల పోయేదున్నది. వసంత వాళ్లన్న రమ్మన్నడు."

"ఏడున్నరకు హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఉన్నది కదా, జగిత్యాల మీదికెల్లే పోతది. గా బస్సుల ముగ్గురి సీటు ఒకటి పట్టుకుంట." ఆమె అరుగు దిగింది. "నువ్వు రాకుంటె మేమిద్దరం జెర ఆరాంగ కూసుంటం తీ."

ఆ సాయంత్రం వసంత మిగిలిన వాక్యం తెలుగులో రాసింది. ఎన్నిసార్లు అడిగినా, చేసినవారు ఇంకా తమంత తాముగా ముందుకు రాలేదు, అని రాసింది. 'ఇంకా' అనే మాట ఇంగ్లీషు కాగితంలో లేదు. లేదని ఆమెకు తెలుసు. తెలిసే రాసింది.

* * *

సోమవారం విఠల్ ఆరింటికే బ్యాగు సర్దుకుని బయల్దేరాడు. టాంగ్ డబ్బా, అత్తరు సీసా, మీ అన్నకు ఇయ్యాలె అన్నాడు. కొడుకు చేతికి గౌరవ్వ పెరుగన్నం డబ్బా ఇచ్చింది. సిరిసిల్ల పోవడానికి గంటన్నర కూడా పట్టదు. అంత దూరానికి పెరుగన్నం ఎందుకో వసంత అప్పుడు ఆలోచించలేదు.

బస్సులో ఆడవాళ్లు పైసలు కట్టకుండా పోవాలంటే ఆధార్ కార్డు చూపించాలి. దాని కోసం బీరువా తెరిచింది. కార్డులన్నీ ఒక నల్ల సంచిలో ఉండేవి, విఠల్ పాస్‌పోర్టుతో పాటు. సంచి లేదు. ఆమె ఆధార్ కార్డు ఒక్కటీ తీసి, అరలో చీరల మీద జాగ్రత్తగా పెట్టి ఉంది.

సిరిసిల్లలో ఉన్న అన్నకు ఫోన్ చేసింది.

"బావనా? నేను రమ్మన్లేదు కదనే. ఎందుకు, ఏమైంది?"

"ఏం కాలేదన్నా," అని పెట్టేసింది.

గౌరవ్వ వాకిలి ఊడుస్తోంది. కోడలి మొహం చూసి, చీపురు మరింత గట్టిగా ఆడించింది.

"నీకెరికేనా అత్తా?"

"నాకేం ఎరుక లేదు," అంది గౌరవ్వ నేలను చూస్తూ.

బస్టాండుకు చేరేసరికి హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. డ్రైవర్ అప్పుడే ఎక్కుతున్నాడు. వసంత కాగితాల సంచి ఛాతీకి అదుముకుని ఎక్కింది. లోపల జనం నిండిపోయారు. నాలుగో వరుసలోంచి రాజవ్వ చెయ్యి ఊపింది.

"గిటు రా బిడ్డా! ముగ్గురి సీటే దొరికింది."

కిటికీ పక్కన విఠల్ కూర్చుని ఉన్నాడు. కాళ్ల మధ్య బ్యాగు, ఒళ్లో పెరుగన్నం డబ్బా. మొహం చెమటతో తడిసిపోయింది. ఆరింటికి దొరకాల్సిన బస్సు దొరక్కపోవడమో, వచ్చినా ఎక్కడానికి కాళ్లు రాకపోవడమో ఏమో, అతనింకా కోరుట్లలోనే ఉన్నాడు.

"నేనెక్కేసరికే కూసున్నడు," అంది రాజవ్వ. "మనకోసం జాగ పట్టి ఉంచిండు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వసంత వెతికింది. లేదు. ఉంటే విఠల్‌కు సులువయ్యేది.

వసంత ఈ చివర కూర్చుంది. రాజవ్వ తల మీదుగా, గొంతు తగ్గించి అడిగింది. "సిరిసిల్ల బస్సు గిదేనా?"

"వేరే దేశం వీసా," అన్నాడు విఠల్ పెదవులు కదిలీ కదలకుండా. "ఎవలో ఇప్పిస్త అన్నరు. నాలుగు రోజులు హైదరాబాద్‌ల ఉండాలట. పోయినంక చెప్దామనుకున్న."

అంటే సామేలు ఉన్న దేశానికి ఈ మనిషి మళ్లీ పోనే పోడు. నిన్న అరుగు మీద ఇచ్చిన మాట కూడా గాలి మాటే. వసంతకు ఏమీ అనబుద్ధి కాలేదు. అనాల్సింది ఆమె కాదు కూడా.

బస్సు కదిలింది. రాజవ్వ వసంత సంచిలోంచి దరఖాస్తు తీయించుకుని, చదువు రాకపోయినా ఒకసారి విప్పి చూసుకుని, విఠల్ ఒళ్లో పెరుగన్నం డబ్బా మీద పెట్టింది. "గాలికి పోతది కొడుకా, జెర పట్టుకో," అంది. అతను పట్టుకున్నాడు. పై కాగితం మీద వసంత దస్తూరీలో చివరి వాక్యం అతని బొటనవేలి కింద కనిపిస్తోంది.

కండక్టర్ వచ్చాడు. ఆడవాళ్లిద్దరి ఆధార్ కార్డులూ చూసి, జగిత్యాలకు రెండు సున్నా టికెట్లు చింపి ఇచ్చాడు.

"మీ ఇద్దరియి అయిపాయె. అన్నా, నీకేడికి? జగిత్యాలనా, హైదరాబాదా?"

విఠల్ వసంత వైపు చూశాడు. ఆమె ముందు సీటు కమ్మీని చూస్తోంది. రాజవ్వ వైపు చూశాడు. ఆమె ఒక్కసారే అతని దిక్కు చూసి, తల కిందికి దించుకుంది. ఆ చూపు అతనికి తెలిసిందే. అయిదుగురు నిలబడిన వరుసలో ఒకసారి చూశాడు దాన్ని.

"చెప్పరాదన్నా," అన్నాడు కండక్టర్ మిషన్ మీద వేలు పెట్టి. "గా అవ్వను చూస్తవెందుకు? పోయేది నువ్వు కదా."

విఠల్ నోరు తెరిచాడు.